పడవ రెయిలింగు: డెక్కు కింద చూసి డబ్బు ఇద్దాం

(వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇందాక కోశాధికారి గారు చదివి వినిపించారు. అందులో "పడవల మరమ్మతు" అనే పద్దు ఒకటి ఉంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమని మాకు అప్పగించారు. ఇదివరకు పడవ అప్పు అంటే ఇంజనుకో, వలకో, ఫైబరు అతుకుకో అడిగేవారు. ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో కొన్నింట కొత్త మాట కనిపించింది. రెయిలింగు, పట్టుకమ్మి, గేటు గొలుసు అని రాశారు. అవి మగవాళ్లు రాసిచ్చిన దరఖాస్తులు కావు. ఇంట్లో ఆడవాళ్లు పట్టుబట్టి రాయించినవి.

ఎందుకు పట్టుబట్టారో ఇక్కడ కూర్చున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన, వశిష్ఠ పాయకు ఇటూ అటూ ఉన్నవాళ్లం మనం. లంకలో చేను, ఒడ్డున ఇల్లు. నెత్తిన గడ్డిమోపు, చంకన పిల్ల, చేతిలో పాలక్యాను. పోటు మీదున్నప్పుడు రేవు మెట్టు ఒక ఎత్తులో ఉంటుంది, పాటు తీసేసరికి పడవ అంచు మోకాలి లోతుకు దిగిపోతుంది. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కేవాళ్లకు కాస్త నయం, దానికి కమ్ములుంటాయి. చిన్న పడవ ఎక్కేవాళ్లకు ఆసరా ఏమిటంటే పక్కనున్నామె భుజమే.

ముందుగా ఒక సంగతి. రెయిలింగు వేస్తే పడవ మునగదని ఎవరూ అనుకోవద్దు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ వరద గోదావరిలో మునిగిపోయింది. అంత పెద్ద పడవ. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం వచ్చి అక్టోబరు 22న గానీ దాన్ని ఒడ్డుకు తేలేకపోయారు. అలాంటి చోట ప్రాణం నిలిపేది రెయిలింగు కాదు. వరదలో రేవు మూసెయ్యడం, లెక్కకు మించి ఎక్కించకపోవడం, ఎక్కిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ తొడిగించడం, ఇవి నిలుపుతాయి. రెయిలింగు చేసే పని వేరు. పడవ బాగానే ఉండి, మనిషి మాత్రం కాలు జారో, తూలో నీళ్లలో పడే ప్రమాదం ఉంటుంది కదా, దానికి అది అడ్డు. మన రేవుల్లో మనం ఎక్కువగా చూసేవి ఈ రెండో రకమే.

ఇంకో మాట కూడా ఉంది. పడవ పైకప్పు మీద రెయిలింగు వేస్తామని అడిగిన దరఖాస్తును మేము ఒప్పుకోలేదు. పైన కమ్మి కనబడితే జనం పైకెక్కి కూర్చుంటారు. బరువు పైకి చేరినకొద్దీ పడవ ఒరిగే గుణం పెరుగుతుంది. కావిడి భుజం మీద కాకుండా నెత్తిన పెట్టుకుని నడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అడిగినాయన కోపగించుకున్నారు, అయినా సరే. ఇంజనుతో నడిచే ప్రయాణికుల పడవలకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషను ఉంటాయి. కింద డెక్కు మీద అయినా సరే, కొత్తగా బరువు పెట్టే ముందు సర్వే చేసే అధికారికి చూపించి రమ్మని షరతు పెట్టాం.

ఇక ఎత్తు సంగతి. చాలా పడవలకు అంచు చుట్టూ మోకాలి ఎత్తున ఒక కమ్మి ఉంటుంది. అది లేకపోవడమే మేలనిపిస్తుంది మాకు. మోకాలి దగ్గర తగిలిన కమ్మి మనిషిని ఆపదు, బోర్లా పడేస్తుంది. సముద్రం మీద తిరిగే ఓడలకు 1966లో దేశాలన్నీ కలిసి రాసుకున్న లోడ్ లైన్ ఒప్పందంలో ఒక కొలత ఉంది. రెయిలింగు ఎత్తు కనీసం మీటరు ఉండాలి. అడుగు కమ్మికీ డెక్కుకీ మధ్య సందు 23 సెంటీమీటర్లు దాటకూడదు. ఆపై కమ్ముల మధ్య 38 సెంటీమీటర్లు దాటకూడదు. అది పెద్ద ఓడల లెక్క, మన పడవలకు రాసింది కాదు. అయినా మనిషి ఒళ్లు ఎక్కడైనా ఒకటే కాబట్టి కొలతగా దాన్నే తీసుకున్నాం. టేపు లేకపోయినా గుర్తుంచుకోవచ్చు. మీటరంటే మనకు నడుముకు కొంచెం పైన. అడుగు సందు జానెడు. పై సందు మూరకు నాలుగు వేళ్లు తక్కువ.

ఆ పై సందులోంచి రెండేళ్ల పిల్ల దూరిపోతుంది. అందుకని పిల్లలెక్కే పడవలకు లోపలి వైపున పాతవల రెండు మడతలు వేసి, కింద నుంచి నడిమి కమ్మి దాకా బిగించమన్నాం. దీనికి ఖర్చు లేదు, మన ఇళ్లలో పాతవలకు కరువూ లేదు. ఎండకు నైలాను పెళుసెక్కుతుంది గనుక ఏటా ఒకసారి లాగి చూసి మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేదీ, మనిషి పడిపోయేదీ ఇక్కడే.

పోయిన వర్షాకాలంలో మన సభ్యురాలు ఒకామె కూరగాయల బుట్టతో పడవ దిగబోతూ రెయిలింగు పట్టుకుంది. ఆ పడవ ఎవరిదన్నది ఇక్కడ అక్కర్లేదు. కొత్త రెయిలింగే, తళతళలాడుతోంది. ఆమె పట్టుకున్న నిలువు పైపు పీటతో సహా ఊడి చేతికొచ్చింది. లోతు తక్కువ కాబట్టి మొలలోతు నీళ్లలో నిలబడి ఒడ్డెక్కింది. బుట్ట పోయింది. మేము వెళ్లి చూస్తే, పైపు విరగలేదు, వెల్డింగు ఊడలేదు. పైపు అడుగున ఉండే ఇనుప పీటను డెక్కుకు నాలుగు చెక్కమేకుల లాంటి స్క్రూలతో పైనుంచి బిగించారు. తలుపు గడియకు వాడే స్క్రూలు. అవి నానిన చెక్కలోంచి పంటి లాగ ఊడొచ్చాయి.

దీని లెక్క మేము సంఘం సమావేశంలో బోర్డు మీద వేసి చూపించాం. నిలువు పైపు ఎత్తు మీటరు. కింద పీట బోల్టుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు. పైన ఒక మనిషి తూలి 50 కిలోల బరువుతో ఆనిందనుకోండి. మీటరులో 10 సెంటీమీటర్లు పదో వంతు. కాబట్టి కింద బోల్టుల మీద పడే లాగుడు పది రెట్లు, అంటే 500 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరో ఏడో ఒక్కసారి లాగినట్టు. గడ్డపలుగుతో బండను లేపుతామే, అదే సూత్రం. ఇక్కడ పలుగు మన రెయిలింగు, లేచేది డెక్కు. ఇద్దరు ముగ్గురు ఒకే వైపు ఆనితే మీరే లెక్క వేసుకోండి.

అందుకని స్క్రూ పనికిరాదు. బోల్టు డెక్కు పైనుంచి కింద దాకా దూరి రావాలి. కింద వాషరు ఒక్కటే చాలదు. చిన్న వాషరైతే ఫైబరును చించుకుని పైకొస్తుంది. పైనున్న పీటకంటే వెడల్పైన ప్లేటు డెక్కు అడుగున ఉండాలి. అది స్టీలు ప్లేటైనా సరే, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ముక్క మీద పెద్ద వాషర్లు వేసినా సరే. కర్ర పడవైతే బోల్టు పైపలకలో ఆగిపోకుండా లోపలి అడ్డదూలాన్ని కూడా పట్టుకోవాలి. మూలల దగ్గరా, గేటు పక్కనా ఉండే నిలువు పైపులకు లోపలి వైపుకు ఏటవాలుగా ఒక కాలు వెయ్యాలి. పందిరి రాటకు ఊతకర్ర పెట్టినట్టు. పైపుకూ పైపుకూ మధ్య దూరం మీటరున్నర దాటనివ్వకండి.

ఫైబరు పడవల్లో ఇంకో చిక్కుంది. డెక్కు పైనా కిందా ఫైబరు పొర ఉండి, మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది చాలా పడవలకు. మనం వేసిన ప్రతి రంధ్రం ఆ ప్లైవుడ్‌కు నీళ్లు తాగే నోరు. బయటికేమీ కనబడదు, లోపల చెక్క కుళ్లిపోతుంది. ఏడాది రెండేళ్లకు కాలేస్తే మెత్తగా దిగుతుంది. దీనికి విరుగుడు తెలిసిన మేస్త్రీలు చేసేదేమిటంటే, బోల్టు కంటే పెద్ద రంధ్రం వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలో బోల్టుకు సరిపోయే రంధ్రం మళ్లీ వేస్తారు. అప్పుడు నీళ్లు వచ్చినా చెక్కకు తగలవు. ఒకరోజు పని రెండు రోజులవుతుంది. మేస్త్రీ "అంత చాదస్తం ఎందుకమ్మా" అంటాడు. అననివ్వండి. కూలి ఆ రెండో రోజుకీ మనమే ఇస్తున్నాం.

పీట కింద పూసే సీలెంటు కూడా అంతే. కిటికీ అద్దాలకు వాడే మామూలు సిలికాను తెచ్చి పూస్తున్నారు. పడవలకు పాలీయురిథేను రకం అడగాలి, అది పట్టు కూడా ఇస్తుంది. పూయగానే బిగించేస్తే ఉన్నదంతా పక్కలకు కారిపోయి మధ్యలో ఏమీ మిగలదు. సగం బిగించి, అది కాస్త గట్టిపడ్డాక మిగతా బిగించాలి. బిగించేటప్పుడు పైనున్న బోల్టు తల తిరగకూడదు, కింద నట్టు తిప్పాలి. తల తిరిగితే దాని చుట్టూ ఉన్న సీలెంటు తెగిపోతుంది. ఇంజను అదురుకు నట్లు వదులవకుండా లోపల నైలాను ఉంగరం ఉన్న నట్లు దొరుకుతాయి, అవే వెయ్యాలి. స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద ఎండుగా తిప్పితే మధ్యలో పట్టేసి అటూ ఇటూ కదలదు, కాస్త గ్రీజు రాయమనండి.

లోహం సంగతి చెబితే నవ్వుతారేమో. ఆవకాయ మనం స్టీలు డబ్బాలో ఎందుకు పెట్టం? జాడీలో ఎందుకు పెడతాం? ఉప్పు స్టీలును తింటుందని మన అమ్మమ్మలకు తెలుసు. "స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదు" అని షాపువాళ్లు చెప్పే మాట మన వంటింట్లోనే తేలిపోయింది. అంతర్వేది వైపు, పోటుకు ఉప్పునీళ్లు ఎక్కే చోట పడవ ఉంటే ఆవకాయ జాడీలో రెయిలింగు నానబెట్టినట్టే.

స్టీలులో రకాలున్నాయి. 202 అనేది చవక, అందులో నికెలు తక్కువ. మేడమెట్ల రెయిలింగులకు ఊళ్లలో ఎక్కువగా అదే వేస్తారు. ఉప్పుగాలికి తొందరగా మచ్చలు పడి తుప్పెక్కుతుంది. 304 అంతకంటే మేలు. 316లో మాలిబ్డినం అనే లోహం రెండు మూడు శాతం కలుపుతారు, ఉప్పుకు తట్టుకునేది అది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, అసలు సరుకే" అంటారు. నమ్మకండి. 202కీ అంటుకోదు, 304కీ అంటుకోదు. అయస్కాంతానికి వాటి తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు నంబరు రాయించుకోవడం మన చేతిలో ఉన్న పని. రాయనంటే ఆ షాపు వదిలెయ్యండి.

అందరూ 316 కొనాలని మేము చెప్పడం లేదు. పై ఊళ్లలో మంచినీటి పాయలో తిరిగే పడవకు మందమైన జీఐ పైపు చాలు. అదీ వెల్డింగు చేశాక జింకు ముంచిన పైపైతే బాగుంటుంది. ముందే జింకు పూసిన పైపును వెల్డు చేస్తే అతుకు దగ్గర పూత కాలిపోయి, సరిగ్గా బలం కావాల్సిన చోటే తుప్పు మొదలవుతుంది. అక్కడ గీకి జింకు పెయింటు వెయ్యాలి. ఆ కాలిన జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, వెల్డింగు చేసే అబ్బాయిని గాలి ఆడేచోట నిలబడమనండి. పడవ మీద పెట్టి వెల్డింగు అసలే వద్దు. ఫైబరు, డీజిలు రెండూ అక్కడే ఉంటాయి. కొలతలు తీసుకుని షాపులో చేయించి తెచ్చి బిగించుకోవాలి. స్టీలు పైపుకు వెల్డింగు దగ్గర నెమలి ఈక రంగులు వస్తాయి చూశారా, అందంగా ఉందని వదిలెయ్యకూడదు. దాన్ని శుభ్రం చేయించకపోతే తుప్పుకు దారి అదే.

రెయిలింగు మంచి స్టీలుదై, బోల్టులు మామూలు ఇనుపవి అయితే ఉప్పునీళ్లలో ఇనుపవి ముందు కరిగిపోతాయి. పైనంతా మెరుస్తూనే ఉంటుంది, కింద పట్టు ఉండదు. మనం పైపు కొనడానికి చూపే శ్రద్ధ బోల్టు కొనడానికీ చూపాలి.

మిగతా సామాను గురించి త్వరగా చెప్పేస్తాం. తాడు చుట్టి కట్టే ఇనుప కొమ్ములు జనం నడిచే దారిలో ఉండకూడదు. చీర కుచ్చిళ్లు తగులుకుంటాయి, చీకట్లో కాలి వేళ్లు పోతాయి. వాటికీ కింద ప్లేటు ఉండాల్సిందే. పడవను రేవుకు కట్టే తాడు రెయిలింగుకు కట్టనివ్వకండి. టైర్లు కూడా దానికి వేలాడదీయకూడదు. రోజూ అలా లాగితే ఎంత మంచి బోల్టయినా వదులవుతుంది. ఎక్కే చోట గేటు లోపలికే తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునే గేటు మీద ఆనితే ఆ గేటుతోపాటే నీళ్లలోకి. గొలుసైతే దానంతటది ఊడని కొక్కెం ఉండాలి. గేటుకు రెండు వైపులా చెయ్యి పట్టే కమ్మి ఉండాలి, బుట్ట ఏ చేతిలో ఉన్నా రెండో చెయ్యి అందుకోవాలి కదా. డెక్కు మీద పెయింటు తడిగా ఉండగానే జల్లించిన ఇసుక చల్లి, పైన ఇంకో పూత వేస్తే కాలు జారదు. అన్నింట్లోకీ చవకైన పని ఇదే, అందరికంటే ఆఖరున గుర్తొచ్చేదీ ఇదే.

వేట పడవల వాళ్లు మాతో గట్టిగా వాదించారు. రెయిలింగుంటే వల తగులుకుంటుంది, వలలో కాలు చిక్కితే రెయిలింగు కంటే ముందు ప్రాణం పోతుంది అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. అందుకని వేట పడవలకు చుట్టూ రెయిలింగు అడగడం మానేశాం. వల వేసే వైపు ఖాళీ వదిలి, ఇంజను దగ్గరా వెనక వైపూ గట్టి పట్టుకమ్మి పెట్టమన్నాం. కొందరు డెక్కులో గొట్టాలు దించి, కావాల్సినప్పుడు పైపులు నిలబెట్టి సీలతో బిగించుకునేలా చేయించుకున్నారు. సీల గొలుసుతో కట్టి ఉండాలి, లేకపోతే మొదటి వేటకే పోతుంది.

వెనక వైపు పట్టుకమ్మి ఎందుకో కూడా చెప్పాలి. ఇది సభలో చెప్పే మాటేనా అని ఒకరిద్దరు అన్నారు, కానీ చెప్పకపోతే ఎలా? రాత్రివేళ మగవాళ్లు ఒంటికి పోసుకోవడానికి అంచున నిలబడతారు. మిగతావాళ్లు నిద్రలో ఉంటారు. కెరటానికి పడవ ఊగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పడిన చప్పుడు ఇంజను మోతలో వినబడదు. ఆ చోట రొమ్ము ఎత్తున ఒక కమ్మి చాలు. మన ఇంట్లో మగవాళ్లు దీని గురించి సర్వేయరుతో మాట్లాడరు, మేస్త్రీతో మాట్లాడరు. మనమే అడగాలి.

ఇప్పుడు తీర్మానం. రెయిలింగు అప్పులో చివరి వాయిదా, పని అయ్యాక ముగ్గురు సభ్యులు పడవ దగ్గరికి వెళ్లి డెక్కు కింద చూసి సంతకం పెట్టిన తర్వాతే విడుదల చెయ్యాలని మేము ప్రతిపాదిస్తున్నాం. "ఆడవాళ్లకు పడవ పని ఏం తెలుసు" అని రేవులో ఒకరన్నారట. బోల్టు కింద దాకా వచ్చిందా లేదా చూడడానికి కళ్లు చాలు. ప్లేటు పీటకంటే వెడల్పుగా ఉందా, జాన పెట్టి చూడొచ్చు. ఒకామె పైన రెయిలింగు పట్టుకుని గట్టిగా ఊపితే, ఇంకొకామె కింద టార్చి వేసి ప్లేటు కదులుతోందా చూడాలి. మూడో ఆమె పీట చుట్టూ ఫైబరు మీద వెంట్రుకంత పగుళ్లు నక్షత్రంలా విచ్చుకున్నాయేమో చూడాలి. అవి కనిపిస్తే అడుగున బలం చాలలేదని అర్థం. పని మళ్లీ చేయించాలి.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, డెక్కు కింద దూరడం సులువు, మేస్త్రీలూ దొరుకుతారు. రెయిలింగుకు అప్పు కావాల్సినవాళ్లు మార్చి నెలలోపే గ్రామ సంఘంలో దరఖాస్తు ఇవ్వండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు కూడా పేర్లు రాయించండి, మీ పడవలు కూడా చూస్తాం. చూడడానికి రాగలిగినవాళ్లు భోజనాలయ్యాక మా దగ్గర పేరివ్వండి. టార్చీ, కొలత టేపు సమాఖ్య ఇస్తుంది. పడవ కింద పాకాలి కాబట్టి పాత చీర కట్టుకుని రండి.